రత్తమ్మ పేరున పెట్టిన కానుగ

నర్సరీకి వచ్చేవాళ్లలో, పోయినవాళ్ల పేరు మీద మొక్క నాటడానికి వచ్చినవాళ్లను నేను గేటు దగ్గరే గుర్తుపట్టేవాణ్ణి. మామూలు రైతు నేరుగా వచ్చి జామాయిలు ఉందా, సుబాబుల్ ఉందా అని అడుగుతాడు. వీళ్లు అలా అడగరు. మొక్కల వరసల మధ్య అటూ ఇటూ తిరుగుతారు. ఎండ గురించి, కాలవ నీళ్ల గురించి నాలుగు మాటలు మాట్లాడతారు. చివరికి ఏదో ఒక మొక్క ముందు ఆగి, "ఇది ఎన్నేళ్లు బతికిద్ది?" అంటారు. ఆ మాట వినగానే మనిషి ఎందుకొచ్చాడో తెలిసిపోయేది.

అటవీ శాఖలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి రిటైరయ్యాను. ఎనభైల్లో చాలా భాగం పిడుగురాళ్ల దగ్గర ఒక నర్సరీలో ఫారెస్టరుగా గడిచింది. ఈ ఉద్యోగంలోకి కొత్తగా వస్తున్న పిల్లలు కొందరు నన్ను అడుగుతుంటారు, ఏం చదవాలి, ఏ పరీక్షకు కూర్చోవాలి అని. ఆ సంగతులు నాకన్నా వాళ్లకే బాగా తెలుసు. నాకు తెలిసింది వేరే ఉంది. అందులో ఎక్కువ భాగం నేను చేసిన తప్పులే. వాటిలో రెండు మూడు రాస్తాను. పెద్ద తప్పు ఒకటుంది, దానికి కాస్త చోటు ఎక్కువ పడుతుంది.

మట్టి సంచులు

అటవీ శాఖ అనగానే మా బంధువులంతా పులులనీ జీపులనీ అనుకున్నారు. నాకు దక్కింది మట్టి సంచులు. ఎర్రమట్టి, చెరువుమట్టి, పశువుల ఎరువు కలిపి జల్లించి నల్ల పాలిథీన్ సంచుల్లో నింపించడం, విత్తనం వేయించడం, పొద్దునా సాయంత్రం నీళ్లు పెట్టించడం. నెలకోసారి ప్రతి సంచినీ ఎత్తి చోటు మార్చాలి. లేకపోతే వేరు సంచి చీల్చుకుని నేలలోకి దిగుతుంది, తీసేటప్పుడు తెగుతుంది. చూడ్డానికి బుద్ధిలేని పనిలా ఉంటుంది. అదే అసలు పని. సంచి కదిలించడానికి బద్ధకించినవాడు ఫారెస్టరు కాలేడని ఇప్పటికీ నా అభిప్రాయం.

ఇక గుంతల సంగతి. పల్నాడులో నేలను నమ్మకూడదు. పైన చూస్తే బంగారంలాంటి మట్టి కనిపిస్తుంది. అడుగున్నర లోతుకు పోతే రాయి తగులుతుంది. ఆ రాయి మీదే కదా ఆ ప్రాంతమంతా బతుకుతోంది, క్వారీలు, సున్నపు బట్టీలు, లారీలు. మనుషులకు అన్నం పెట్టే ఆ రాయి చెట్టుకు మాత్రం ఎదురు తగులుతుంది. అందుకే గుంత తవ్వాక అడుగున గడ్డపార వేసి చూడాలి. మెత్తగా దిగితే నాటుకో. ఠంగుమంటే రాయి పగలగొట్టు, లేదా చోటు మార్చు. ఈ సంగతి నాకు చేరిన మొదటి నెలలోనే తెలుసు.

మాస్టారి అమ్మగారు

మొదట్లో నేను చేసిన తప్పు చిన్నదే. క్రోసూరు వైపు నుంచి ఒక క్రైస్తవ మాస్టారు వచ్చారు. నాన్నగారు పోయారు, సమాధి పక్కన ఒక మొక్క కావాలి, త్వరగా పెరిగేదైతే బాగుంటుంది అన్నారు. ఆ ఏడాది మా దగ్గర జామాయిలు కుప్పలు తెప్పలుగా ఉంది. ఎవరో ఒకరికి అంటగట్టాలి. మారుమాట లేకుండా రెండు జామాయిలు మొక్కలు ఇచ్చి పంపాను.

రెండేళ్లకు ఆయన మళ్లీ వచ్చారు. మనిషి నెమ్మదస్తుడు, కోప్పడలేదు. "చెట్లు బ్రహ్మాండంగా పెరిగాయండీ, చర్చి కన్నా ఎత్తయ్యాయి" అన్నారు. నేను మురిసిపోయాను. "కాకపోతే కింద నీడ లేదు. ఆదివారం ఆరాధన అయ్యాక మా అమ్మ కాసేపు నాన్న దగ్గర కూర్చుంటుంది. ఎండలోనే కూర్చుంటోంది."

నేను వేప ఇచ్చాను. అది నీడనిచ్చేదాకా ఆవిడ ఉందో లేదో తెలియదు, అడగడానికి నాకు మొహం చెల్లలేదు. అప్పటినుంచి మొక్క ఇచ్చేముందు రెండు ప్రశ్నలు అడగడం అలవాటు చేసుకున్నాను. దీని కింద ఎవరు కూర్చుంటారు? దీనికి నీళ్లు ఎవరు పోస్తారు? రెండో ప్రశ్నకు జవాబు లేకపోతే ఎంత మంచి మొక్క ఇచ్చినా దండగ.

రేంజరు గారు

నా పై అధికారుల్లో అప్పటి మా రేంజరు గారిని మించిన నోటి దురుసు మనిషిని చూడలేదు. కానీ ఆయనకు కళ్లుండేవి. జీపు ఉన్నా దిగి నడిచేవారు. గురజాల రోడ్డు పక్కన మేము నాటిన మొక్కల వరస మేకల పాలై, కంపలు మాత్రమే మిగిలిన రోజుల్లో ఒకసారి నడుస్తూ నడుస్తూ ఆగారు. మూడు మొక్కలు పచ్చగా ఉన్నాయి.

"ఇవెలా బతికాయయ్యా?" అని నన్ను అడిగారు. నాకు తెలియదు. మా వాచరు కోటయ్య చెప్పాడు.

"అయ్యి పోయినోళ్ల పేరు మీదియ్యండి. మేం నాటినయ్ గాదు. వాళ్లోళ్లే తెచ్చి నాటుకున్నారు. పొద్దున్నే బిందె తెచ్చి పోసిపోతన్నారు. మేకల్ని గూడా దగ్గరికి రానియ్యరు."

రేంజరు గారు నవ్వారు. "మనం గవర్నమెంటు పేరు మీద నాటితే చస్తున్నాయి. చచ్చినవాళ్ల పేరు మీద నాటితే బతుకుతున్నాయి. రోడ్డంతా వాళ్ల పేర్లే పెట్టు" అన్నారు.

అలా మొదలైంది. ఎవరైనా ఇంట్లో పోయినవాళ్ల పేరు చెబితే రోడ్డు పక్కన ఒక గుంత వాళ్లది. మేము మొక్క నాటి ముళ్లకంప కడతాం. నాపరాయి ముక్క మీద ఎర్రరంగుతో పేరు రాసి మొక్క మొదట్లో పాతుతాం. మంచి ఆలోచన. మేం పెట్టిన ఏ బోర్డుకూ దక్కని మర్యాద ఆ రాతిముక్కలకు దక్కింది. కానీ ఆయనకు ఒక పిచ్చి ఉండేది. వరసలో ఖాళీ కనపడకూడదు. ఎండిన మొక్కను మా భాషలో క్యాజువాల్టీ అంటారు. దాన్ని పీకేసి అదే రకం, అదే ఎత్తు మొక్కను బదులు నాటాలి. తోటల్లో అది తప్పు కాదు, అందరూ చేసేదే. కానీ ఈ వరసలో ప్రతి మొక్క పక్కనా ఒక పేరు ఉంది. ఆ తేడా గురించి ఆయనా ఆలోచించలేదు, నేనూ ఆలోచించలేదు.

సాంబయ్య

సాంబయ్య లారీ డ్రైవరు. నాకన్నా పదేళ్లు పెద్ద. పిడుగురాళ్లలో సున్నం లోడు వేసుకుని నాగపూరు, కలకత్తా దాకా పోయేవాడు. అలాంటి ఒక ట్రిప్పులో ఉండగా ఇక్కడ ఆయన భార్య రత్తమ్మ కామెర్లతో చనిపోయింది. ఆ కబురు లారీ ఆఫీసువాళ్లకు తెలుసు. లోడు దించే చోటికి ట్రంకాల్ చేసి సాంబయ్యతో మాట్లాడారు కూడా. కానీ చెబితే బండి అక్కడే వదిలేసి రైలెక్కుతాడనీ, తిరుగు లోడు పోతుందనీ చెప్పలేదు. ఇంటి దగ్గర అంతా బాగే అన్నారట.

ఆయన వచ్చేసరికి పదకొండో రోజు. బండి దిగి ఇంటికి నడుస్తుంటే వీధిలో షామియానా కనిపించిందట. "ఎవరింట్లో పెళ్లబ్బా అనుకున్నా సారూ" అని నాతో చెప్పాడు. దహనం ఎప్పుడో అయిపోయింది. చూడ్డానికి ఏమీ మిగల్లేదు.

తర్వాత వారం రోజులకు నర్సరీకి వచ్చాడు. అందరిలాగే తిరిగాడు, అందరిలాగే అడిగాడు. నేను వేప చూపించాను. వద్దన్నాడు.

"కానుగ ఇయ్యండి. మా డ్రైవర్లం ఎండలో బండి ఆపుకునేది దాని కిందే. కానుగ నీడ చల్లగా ఉండిద్ది."

"ఎక్కడ పెడదాం అన్నా? ఇంటి దగ్గరా?"

"నేనింటికాడ ఉండేదెప్పుడు? రోడ్డు మీద పెట్టండి, ఊరు దాటినాక మలుపుంది గదా, అక్కడ. పోయేటప్పుడు చెప్పి పోతా. వచ్చేటప్పుడు చెప్పి వస్తా."

ఆ మలుపులో గుంతలు ముందే తవ్వి ఉన్నాయి. పైనుంచి పెద్ద అధికారి వస్తున్నాడని ఆ వారమంతా హడావుడి. అన్ని గుంతల్లోనూ గడ్డపార వేసి చూశాను, ఆ మలుపులో మాత్రం వేయలేదు. ఎండగా ఉంది, ఆకలిగా ఉంది, ఇంకేం ఉంటుందిలే అనుకున్నాను. అంతకు మించి కారణం లేదు.

నీళ్లు ఎవరు పోస్తారు అన్న ప్రశ్నకు సాంబయ్య దగ్గర గట్టి జవాబు ఉంది. బాగా కడిగిన ఒక డీజిలు క్యాను ఎప్పుడూ బండిలోనే ఉండేది. పోయేటప్పుడు ఒక క్యాను, వచ్చేటప్పుడు ఒక క్యాను. ఎంత లోడుతో ఉన్నా, వెనక ఎంతమంది హారన్లు కొట్టినా బండి పక్కకు తీసి, దిగి, నీళ్లు పోసి, ఏదో మాట్లాడి మరీ ఎక్కేవాడు. మధ్య రోజుల్లో కోటయ్య పీపా బండితో వచ్చి పోసేవాడు. రెండేళ్లలో చెట్టు మనిషి ఛాతీ దాకా వచ్చింది. నేను కనిపిస్తే చాలు, దాని కబుర్లే. "సారూ, మా ఆవిడ ఈసారి బంపరు దాటింది." "సారూ, కొత్త చిగురేసింది, చూశారా?" తోటి డ్రైవర్లు ఆటపట్టిస్తే తనూ నవ్వేవాడు.

మూడో వేసవిలో ఆయనకు అస్సాం లోడు పడింది. బయల్దేరే ముందు నర్సరీకి వచ్చాడు.

"సారూ, ఈ తడవ నెల దాటిద్ది. ఎండలు ముదురుతన్నయ్. కోటయ్యకి గట్టిగా చెప్తారా?"

"కోటయ్యకి చెప్పడమెందుకు అన్నా, నేనే చూసుకుంటా. నువ్వు నిశ్చింతగా వెళ్లిరా" అన్నాను.

మాట ఇచ్చేటప్పుడు మనసులో అబద్ధం లేదు. కానీ అది వానాకాలం నాట్లకు మొక్కలు తయారుచేసే కాలం. నేను కోటయ్యకు చెప్పాను. అంతటితో చూసుకున్నట్టే అనుకున్నాను. కోటయ్య పీపా బండి ఎద్దుకు గిట్ట పుండు పడింది. మూడు వారాలు ఆ మలుపు దాకా బండి పోలేదు. ఆకు రాలుతోందని అటు తిరిగేవాళ్లు అతనికి చెప్పారు, కానుగ ఎండలు వచ్చే ముందు ఆకు రాల్చి చిగురేస్తుంది కదా, అదే అనుకున్నాడు. చెట్టును చూసి రావడానికి నాకు సైకిలు మీద పావుగంట చాలు. వెళ్లలేదు.

వెళ్లిన రోజున బెరడు గోటితో గీరి చూశాను. బతికున్న చెట్టుకు బెరడు కింద పచ్చ ఉంటుంది. పైన గీరాను, నడుమ గీరాను, మొదట్లో గీరాను. ఎక్కడా పచ్చ లేదు. తవ్వించాను. అడుగున్నర లోతులో రాయి. తల్లివేరు దాని మీద పక్కకు తిరిగి, దారి వెతుక్కుంటూ చుట్టలు చుట్టుకుపోయి ఉంది. రెండేళ్లు ఆ చెట్టు బతికింది సాంబయ్య క్యాను, కోటయ్య పీపా నీళ్ల మీదే. అవి ఆగగానే పోయింది.

నేను చేసిన పని

ఇక్కడ రెండు దారులున్నాయి. ఆయన వచ్చేదాకా ఆగి, ఎండిన చెట్టును అలాగే ఉంచి, జరిగింది చెప్పడం ఒకటి. నేను రెండోది పట్టుకున్నాను. ఇన్‌స్పెక్షను దగ్గరపడిందని ఒక సాకు. పాపం, మళ్లీ బాధపడతాడని ఇంకో సాకు. ఈ రెండోది వినడానికి మర్యాదగా ఉంటుంది కాబట్టి మరీ ప్రమాదం.

నర్సరీలో పెద్ద సంచుల్లో పెంచుతున్న కానుగలు కొన్ని ఉన్నాయి. అదే ఎత్తుది వెతికాను. అడ్డకొమ్మలు రెండు కత్తిరించి పాతదాని పోలిక తెచ్చాను. ఈసారి ఇద్దరు మనుషుల్ని పెట్టి రాయి పగలగొట్టించి మూడున్నర అడుగుల గుంత తీయించాను. చెరువుమట్టి నింపించాను. తొలకరి పడిన మర్నాడు నాటించాను. మొదటిసారి పది నిమిషాల పనికి బద్ధకించినవాణ్ణి, ఆ అబద్ధం నిలబెట్టడానికి రెండు రోజులు ఎండలో నిలబడ్డాను. రత్తమ్మ పేరున్న రాయిని మళ్లీ మొదట్లో పాతించాను.

సాంబయ్య వచ్చిన రోజు నేను మలుపులోనే ఉన్నాను. బండి దిగాడు. చెట్టును చూశాడు. చాలాసేపు చూశాడనిపించింది, అది నా భయమో నిజమో తెలియదు. క్యాను తెచ్చి నీళ్లు పోశాడు.

"బాగుంది సారూ" అన్నాడు. బండెక్కి వెళ్లిపోయాడు.

బయటపడ్డానని ఊపిరి పీల్చుకున్నాను. ఆ తర్వాత మూడేళ్లు ఆయన ప్రతి ట్రిప్పుకూ అలాగే ఆగాడు, అలాగే పోశాడు. చెట్టు ఏపుగా పెరిగి లారీ క్యాబిన్ దాటింది. ఒక్కటే మారింది. నాకు దాని కబుర్లు చెప్పడం మానేశాడు. వయసు మీద పడుతోంది, దుఃఖం చల్లబడింది కాబోలు అని సర్దిచెప్పుకున్నాను. లోపల మాత్రం ఆయన లారీ హారన్ వినపడితే నర్సరీ వెనక్కి వెళ్లిపోయేవాణ్ణి.

బదిలీ

నాకు వేరే జిల్లాకు బదిలీ అయింది. బట్టలూ సామానూ సర్దుతుంటే మా ఆవిడ అడిగింది, "అందరికీ చెప్పారా?" అని. చెప్పవలసింది ఒక్కరికి మిగిలిందని నాకు తెలుసు. రెండు రోజులు సాయంత్రాలు మలుపులో కాచుకున్నాను. మూడో రోజు ఆయన బండి వచ్చింది.

క్యాను దించి సగం పోశాడు. అప్పుడు చెప్పాను. "అన్నా, ఈ చెట్టు మనం నాటింది కాదు. అది ఎండిపోయింది. తప్పు నాది. గుంత సరిగ్గా చూడలేదు, మాటిచ్చి నీళ్లు పోయించలేదు. నీకు తెలియకుండా వేరే మొక్క పెట్టాను."

సాంబయ్య క్యాను కింద పెట్టాడు.

"తెలుసు."

"ఎప్పటినుంచి?"

"ఆ రోజు నుంచే. అదే మోడలు బండ్లు వంద ఉన్నా డ్రైవరుకి తన బండి తెలవదా? నేను రెండేళ్లు పొద్దస్తమానం తలుచుకున్న చెట్టది. ఏ కొమ్మ ఎటున్నదీ నాకు తెలవదా?"

"మరి ఎందుకు అడగలేదన్నా?"

"నువ్వు చెప్తావేమోనని చూశా."

అంతకుముందు ఆయన నన్నెప్పుడూ నువ్వు అనలేదు. ఆ మాట నాకు తగిందే. తెలిసి కూడా ఇన్నేళ్లు నీళ్లెందుకు పోశావని అడిగాను.

"ఇదెవరిదో నాకు తెలవదు. దాహమైతే దీనికీ అయిద్దిగా" అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "ఆళ్లు లోడు కోసం చెప్పలా. నువ్వు నా మంచి కోసం చెప్పలా. రెండుసార్లూ అంతా అయిపోయినాకే వచ్చా నేను. ఒక్కసారైనా దాని పక్కన కూకోని ఏడిచేవోణ్ణి గదయ్యా. ఎండిన పుల్లైతే ఏంది, నాకు చూపిచ్చుంటే చాలు."

తల వంచుకుని నిలబడ్డాను.

"దాన్నేం చేశారు?" అన్నాడు.

నేను భయపడింది ఈ ప్రశ్నకే. ఏదో ఒకటి చెప్పి దాటేయవచ్చు. ఆ రోజుకు అబద్ధాలు చాలనిపించింది. "పీకి నర్సరీలో కంచె పక్కన పడేయించాను. కోటయ్య నరికి పొయ్యిలో పెట్టాడు."

"కాలిందా?"

"కాలింది అన్నా."

"మొత్తం?"

"మొత్తం. నేను చూశాను."

"పోనీలే. ఎవురో ఒకరు చూశారు" అన్నాడు.

భుజం మీద తువ్వాలు తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. రోడ్డు పక్కన మట్టిలో, రత్తమ్మ పేరున్న రాయికి ఆనుకుని కూలబడ్డాడు. నేను ఎన్నో చావుల దగ్గర ఏడుపులు విన్నాను. అంత పెద్ద మనిషి అలా గుండెలు పగిలేలా ఏడవడం వినలేదు. రోడ్డు మీద బండ్లు పోతున్నాయి. తెలిసిన డ్రైవరొకడు వేగం తగ్గించి చూసి, ఏమనుకున్నాడో, హారన్ కొట్టకుండా వెళ్లిపోయాడు. ఓదార్చబోయాను. చెయ్యి అడ్డం పెట్టి వద్దన్నాడు. ఆయన ఇన్నేళ్లు ఆగింది ఆ ఏడుపు కోసమే కదా, ఆయన పని ఆయన్ని చేసుకోనివ్వాలని నాకప్పటికి అర్థమైంది.

క్యానులో సగం నీళ్లు అలాగే ఉన్నాయి. ఎత్తి, చెట్టు చుట్టూ మట్టికట్ట లోపల నెమ్మదిగా పోశాను. నా ఉద్యోగంలో లెక్కలేనన్ని మొక్కలు బతికాయి. నిలబడి ఇక్కడ పోయండి, అక్కడ పోయండి అని చెప్పడమే నా పనిగా ఉండేది. ఆ మలుపులో నాటిన రెండు చెట్లలో దేనికైనా నా చేత్తో నీళ్లు పోయడం అదే మొదటిసారి.